ప్రేక్షకుడికి విసుగు పుట్టింది ఆట మీద కాదు

1956 డిసెంబరులో అమెరికాలోని ఎన్‌బీసీ ఛానెల్‌ 'ట్వంటీ వన్‌' క్విజ్‌లో హెర్బ్‌ స్టెంపెల్‌ ఒక తేలికైన ప్రశ్న దగ్గర ఓడిపోయాడు. అంతకుముందు ఏడాదికి ఉత్తమ చిత్రంగా ఆస్కార్‌ గెలిచిన సినిమా ఏది? ఆ సినిమా అతనికి ప్రాణం, మూడుసార్లు చూశాడు. అయినా గాజు గదిలో హెడ్‌ఫోన్లు పెట్టుకుని నిలబడి, తెలిసిన జవాబును మింగేసి తప్పు చెప్పాడు. ఓడిపొమ్మన్నది నిర్మాతలే. చెమటను తుడుచుకోకుండా మెల్లగా అద్దుకోవాలని నేర్పిందీ వాళ్లే. గెలవాల్సిన చార్లెస్‌ వాన్‌ డోరెన్‌ అనే కాలేజీ అధ్యాపకుడికి జవాబులు ముందే చేరాయి.

1958లో గుట్టు బయటపడింది. అంతకు మూడేళ్ల ముందు సీబీఎస్‌ ఛానెల్లో '64,000 డాలర్ల ప్రశ్న'తో మొదలైన క్విజ్‌ల వెల్లువ అక్కడితో ఆగిపోయింది. 1959 నవంబరులో వాన్‌ డోరెన్‌ అమెరికా చట్టసభ (కాంగ్రెస్‌) కమిటీ ముందు తప్పు ఒప్పుకున్నాడు. మరుసటి ఏడాది ఇలాంటి మోసాన్ని నేరంగా మారుస్తూ చట్టం వచ్చింది.

రెండో వెల్లువ 1998లో బ్రిటన్‌లో పుట్టిన 'హూ వాంట్స్‌ టు బి ఎ మిలియనీర్‌'ది. 1999లో అది అమెరికాకు వెళ్లింది. ఆ నవంబరులో జాన్‌ కార్పెంటర్‌ అనే పోటీదారు చివరి ప్రశ్న దాకా ఒక్క లైఫ్‌లైన్‌ కూడా వాడలేదు. అప్పుడు తండ్రికి ఫోన్‌ చేశాడు. సాయం కోసం కాదు, తాను గెలవబోతున్నానని చెప్పడానికి! అంత ఊపు తెచ్చిన ఆటను అక్కడ ప్రసారం చేసిన ఏబీసీ ఛానెల్‌ వారానికి నాలుగైదు రాత్రులు వేసి, సెలబ్రిటీలను తెచ్చి, సాగదీసి, 2002లో ప్రైమ్‌టైమ్‌ నుంచి దింపేసింది.

జనానికి బోర్‌ కొట్టిందన్న మాట ఇలాంటప్పుడు వినిపిస్తుంది. మేము ఒప్పుకోం. ఇంట్లో కూర్చున్న మనిషి ఈ ఆటలను చూడడు, ఆడతాడు. తెర మీది పోటీదారు నోరు తెరవకముందే జవాబు అరిచేస్తాడు. తప్పయితే పక్కవాళ్లు నవ్వుతారు, ఒప్పయితే ఆ రాత్రికి అతనే విజేత. అందుకే ముందే రాసిపెట్టిన ఆట చూపడమంటే అతన్ని కూడా మోసగించడమే. ఒక్కో జవాబుకు ముందు నిమిషాల కొద్దీ టెన్షన్‌ సంగీతం, ఆ వెంటనే బ్రేక్‌ పెడితే అతనికి ఆడటానికి ఏం మిగులుతుంది?

అమెరికాలోనే మరో క్విజ్‌ 'జెపర్డీ' 1984 నుంచి అరగంట ఆటగా నడుస్తూనే ఉంది. అదీ దాదాపు రోజూ వచ్చేదే, కానీ ఆ అరగంటలో గరిష్ఠంగా 61 ప్రశ్నలకు చోటుంది. ఐదు ఆటలు గెలిచిన పోటీదారు తప్పుకోవాలన్న పరిమితిని 2003లో తీసేశారు. మరుసటి ఏడాదే కెన్‌ జెన్నింగ్స్‌ అనే సాఫ్ట్‌వేర్‌ ఇంజినీరు వరసగా 74 ఆటలు గెలిచాడు, రేటింగులు పైకి లేచాయి. కొత్త సెట్టు, కొత్త హంగామా ఏమీ అక్కర్లేకపోయింది.

పాత గేమ్‌ షోలకు మళ్లీ ప్రాణం పోయాలనుకునే ఛానెళ్లను మేము కోరేది ఒక్కటే. సెలబ్రిటీల కబుర్లకు ఇచ్చే సమయం ప్రశ్నలకు ఇవ్వండి. పోటీదారుల కుర్చీలో మామూలు మనుషులను కూర్చోబెట్టండి.