హెచ్‌ఈఐసీ గారూ, మీకో దండం

ఐఫోన్ ఫొటోలను దాసే ఫైల్ రకం హెచ్‌ఈఐసీ గారికి,

హన్మకొండ చౌరస్తా కాడ ఇంటర్నెట్ సెంటర్‌ల కూసోని రాస్తున్న. 2 గంటలకు వచ్చిన, ఇప్పుడు 5 అయితున్నది. మా చెల్లె దరఖాస్తుకు ఇయ్యాల్నే ఆఖరు తారీఖు. తమరి దయతోని ఇంకా ఫొటో కాడనే ఉన్నం.

నిన్న సాయంత్రం గోడకు తెల్ల దుప్పటి ఆనించి, ఒక కొస అమ్మ, ఒక కొస నేను పట్టుకుంటే, బావ తన కొత్త ఐఫోన్‌ల ఫొటో కొట్టిండు. మస్తుగొచ్చింది. ముక్కుపుడక సుత మెరుస్తున్నది. అది తమరి అవతారంల వచ్చిందని మాకేమెరుక? వెబ్‌సైటేమో జేపీజీ అనే పాత రకం ఫైలే కావాలె, అదీ 50 కేబీ దాటొద్దు అంటది.

సరే అని ఫైల్ పేరు చివర చుక్క తర్వాతున్న మీ అక్షరాలు చెరిపి జేపీజీ అని కొట్టిన. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టయింది. ‘ఫైల్ చెల్లదు’ అన్నది. మళ్లా ఎక్కించిన. మళ్లా అదే మాట. సెంటర్ తమ్ముడు నవ్వి, దాన్ని నోట్‌ప్యాడ్‌ల తెరిచి చూపెట్టిండు. అన్నీ పిచ్చి గీతలు, డబ్బాలు. మొదటి వరుసల మాత్రం ‘ఎఫ్‌టీవైపీహెచ్‌ఈఐసీ’ అని సాఫ్‌గ రాసున్నది. దర్వాజ మీద బోర్డు మార్చినంత మాత్రాన ఇంట్లున్నోడు మారుతడా?

ఉచితంగ మారుస్తమనే సైటుకు పోతే, అంతా అయినంక దించుకునే కాడ ఈమెయిల్ అడిగింది, ఆ తర్వాత పైసలడిగింది. ఫొటో ఫైళ్లల్ల మీ బిరాదరి వెబ్‌పి సంగతి ఇంకోపారి రాస్త. పీఎన్‌జీ సుత తక్కువదేం కాదు. మొన్న ఫ్లెక్సీ కోసం కళాతోరణం బొమ్మను జేపీజీ చేస్తే, ఎనక ఖాళీ ఉండాల్సిన జాగంతా నల్లగైంది.

2017ల ఐఫోన్లకు వచ్చినవ్. జేపీజీ పట్టే జాగల సుమారు సగంలనే అదే ఫొటో దాస్తవని నీకు పేరు. ఎవలు కాదన్నరు? గని 1992 నాటి ఆ ముసలి జేపీజీని ఏ ఆఫీసుకు తీస్కపోయినా కుర్చేసి కూసోబెడుతరు. నిన్ను గేటు కాడనే ఆపుతరు. గా మాత్రానికి మా బావ ఫోన్ల ఎందుకు జొరబడ్డవ్‌రా?

ఆఖరికి బావ ఫొటోను వాట్సాప్‌ల పంపిండు. అది జేపీజీ అయి వచ్చింది, గంతే! మూడు గంటల నా బాధ అర నిమిషంల ఒడిసింది. ఇగ 50 కేబీకి కుదించుడు మిగిలింది. కుదించినకొద్దీ చెల్లె మొఖం చుక్కలు చుక్కలైంది, ముక్కుపుడక మాయమైంది.

60 రూపాయలు తీసుకున్నంక తమ్ముడు చెప్పిండు: ‘అన్నా, సెట్టింగ్స్‌ల కెమెరా, ఫార్మాట్స్‌కు పోయి మోస్ట్ కంపాటిబుల్ పెట్టుకుంటే ఫొటోలు జేపీజీలనే వస్తయ్, ఈ లొల్లే ఉండది.’

బావకు ఫోన్ చేసి చెప్పిన. ‘అట్ల పెడితే జాగ నిండదా? మేడారం జాతర ఫొటోలే రెండు వేలున్నయ్’ అన్నడు. అదీ నిజమే. ఆ జాతర ఫొటోలల్ల మా నాయిన నవ్విన ఫొటో ఒక్కటున్నది, అది సుత నీ లోపలనే ఉన్నది. దాన్ని మంచిగ చూసుకో.

రేపు పరీక్ష హాల్ల చెల్లెను ‘ఈ ఫొటో నీదేనా’ అని అడిగితే మాత్రం నీ పేరే చెప్పుమన్న.

ఇట్లు,
దుప్పటి కొస పట్టుకున్నోడు