నిలబడి చేసే ఉద్యోగం

ముగ్గురం కలిసి కామెడీ టూర్ అనుకున్నాం. విజయవాడ, రాజమండ్రి, కాకినాడ, వైజాగ్. మాదాపూర్ కెఫేల్లో ఓపెన్ మైక్‌కి వచ్చే పాతిక మందిలో పదిహేను మంది తోటి కమెడియన్లే. వాళ్లు నవ్వరు, నోట్స్ రాసుకుంటారు. అందుకని టికెట్ కొని నవ్వే జనాన్ని వెతుక్కుంటూ మా నాన్న కారులో బయల్దేరాం. వెనక అద్దానికి పోస్టర్: 'కడుపుబ్బ నవ్విస్తాం'.

విజయవాడ రోడ్డు మీద ఒక టోల్ గేటు దగ్గర కారు ఆగింది. కర్రకి కట్టిన స్కానర్‌ని కుర్రాడు అద్దానికి మూడుసార్లు ఆనించాడు.

"బ్లాక్‌లిస్ట్ చూపిస్తుందన్నా."

ఈ ఫాస్టాగ్ గురించి ఒక మాట చెప్పుకోవాలి. ఇచ్చిన బ్యాంకు పేరు చెప్పను. కేవైసీ అంటే ఆర్సీ ఫోటో పంపాను. చాలదంటే నంబర్ ప్లేటు కనబడేలా బండి ముందు ఫోటో, అదీ చాలదంటే ట్యాగు కనబడేలా అద్దం ఫోటో. పెళ్లి సంబంధాల వాళ్లకి కూడా నావి ఇన్ని ఫోటోలు వెళ్లలేదు. ట్యాగులో 640 రూపాయలు భేషుగ్గా ఉన్నాయి. అయినా సరే, ట్యాగు పలక్కపోతే యూపీఐకి ఒకటింబావు. వందకి నూటపాతికన్నమాట. తప్పు వాళ్లది, పాతిక నాది.

నేను వాదిస్తుంటే కుర్రాడు వెనక్కి వెళ్లి పోస్టర్ చదివొచ్చాడు.

"మీరు కమెడియన్లా అన్నా? ఏదీ, ఒకటి చెప్పుండ్రి."

డాక్టరు కనబడితే నాలుక చాపి చూపిస్తారు, కమెడియన్ కనబడితే జోకు చెప్పమంటారు. మా పొడుగువాడు వెంటనే ఫోన్ చెవిన పెట్టుకున్నాడు. మూడోవాడు వెనక సీట్లో నిద్ర నటించాడు. వెనక లారీ హారన్ కొడుతోంది, దాని క్లీనర్ దిగి వచ్చి నడుం మీద చేతులేసుకుని నిలబడ్డాడు. పక్క లైన్లో బైకు మీద వెళ్తున్న మొగుడూపెళ్లాలు కూడా స్లో చేశారు. ఆర్నెల్లుగా ఒక్కసారీ ఫెయిలవని నా జోకు తీశాను.

"పెళ్లిచూపుల్లో అమ్మాయి నాన్న అడిగాడు, ఏం చేస్తుంటావు బాబూ అని. స్టాండప్ కామెడీ అండీ అన్నాను. ఆయన పాపం జాలిగా చూసి, నిలబడి చేసే పనా, కూర్చుని చేసేదేదీ దొరకలేదా అన్నాడు."

ఇక్కడ నేను రెండు సెకన్లు ఆగుతాను. నవ్వు కోసం ఉంచిన ఖాళీ అది. ఆ ఖాళీలోకి లారీ హారన్ వచ్చింది.

"ఆఁ... మల్ల?" అన్నాడు కుర్రాడు.

"మళ్లీ ఏం లేదు తమ్ముడూ. అదే జోకు."

కాసేపు ఆలోచించాడు. "నేను గూడ పొద్దున ఆరింటి సంది నిలబడే ఉన్న గదన్నా."

దానికి నా దగ్గర సమాధానం లేదు. అక్కడితో ఆగినా బాగుండేది. స్కానర్ భుజాన వేసుకుని, క్లీనర్ వైపు తిరిగి అన్నాడు: "అన్నోళ్ల ట్యాగుల పైసలున్నయ్, రీడ్ అయితలేదు. జోకు మంచిగనే రీడ్ అయింది, గని అండ్ల బ్యాలెన్సే లేదు."

క్లీనర్ నవ్వు. బైకు మీది ఆవిడ నవ్వు. నిద్రపోతున్న మూడోవాడు కూడా నవ్వాడు, వెధవ. నేను ఒకటింబావు కట్టాను.

విజయవాడలో నలభై మూడు మంది వచ్చారు. ముందు పొడుగువాడు ఎక్కాడు. "మొన్నొకడు నాకు జోకు చెప్పాడండీ," అని మొదలుపెట్టి, టోల్ గేటు కుర్రాడి మాటని పొల్లు పోకుండా తన మాటగా దించేశాడు. హాలు దద్దరిల్లింది. ఫోన్ చెవిన పెట్టుకుంది మాట్లాడ్డానికి కాదు, రికార్డ్ చేసుకోడానికని అప్పుడర్థమైంది.

తర్వాత నన్ను పిలిచారు. మెట్టెక్కుతుంటే జేబులో ఫోన్ మోగింది. ఆ టోల్ గేటు తాలూకు డబ్బులు నా ఫాస్టాగ్ నుంచి కట్ అయ్యాయట.