జైలు చూపిస్తే పిల్లలు బాగుపడతారా?

అపార్ట్‌మెంట్ గ్రూపు, కాలేజీ ఫ్రెండ్స్ గ్రూపు, చివరికి మా పెద్ద బావగారు కూడా. వారం నుంచి అందరి దగ్గర్నుంచీ ఒకటే మెసేజ్: "దారితప్పే పిల్లల్ని ఒక్కసారి జైలుకు తీసుకెళ్ళి ఖైదీల చేత నాలుగు మాటలు చెప్పించండి. అమెరికాలో తొంభై శాతం మంది మారిపోయారు. కౌన్సెలింగులు దండగ. ఉగ్రదాడులు జరగడం లేదంటే నిఘా పనిచేస్తున్నట్టే. యునెస్కో కూడా ఒప్పుకుంది." కింద వరసగా దణ్ణాలు. నిన్న సత్యనారాయణపురంలో మా కాలనీ వాళ్ళు బస్సు కూడా మాట్లాడారు. ఇక ఊరుకోలేక రాస్తున్నాను.

యునెస్కో సంగతి వదిలేయండి. మన జాతీయ గీతం ప్రపంచంలోకెల్లా గొప్పదని తేల్చింది కూడా ఆ వాట్సాప్ యునెస్కోనే.

దాడి జరగలేదు కాబట్టి నిఘా పనిచేసిందట. మా వీధిలోనూ ఇంతవరకు దాడి జరగలేదు. మా వాచ్‌మన్ పదింటికే గుర్రుపెడతాడు, ఆ క్రెడిట్ ఆయన నిద్రకిద్దామా? 2006లో సింథియా లమ్ అనే పరిశోధకురాలి బృందం ఉగ్రవాదం మీద వచ్చిన 20 వేలకు పైగా రచనలు జల్లెడ పడితే, నివారణ చర్యల ఫలితాన్ని కాస్త పద్ధతిగా కొలిచినవి ఏడే దొరికాయి. 1973లో అమెరికా విమానాశ్రయాల్లో మెటల్ డిటెక్టర్లు పెట్టాక హైజాక్‌లు బాగా తగ్గాయి, నిజమే. కానీ మనుషుల్ని వేరే రకంగా బందీలుగా పట్టుకోవడం పెరిగింది. హైజాక్‌లు ఒక్కటే లెక్కపెట్టుకుంటే పండగే.

అసలు ప్రమాదం ఆ తొంభై శాతం దగ్గరుంది. న్యూజెర్సీలోని రావే జైల్లో యావజ్జీవ ఖైదీలు కుర్రాళ్ళ మొహాల మీదికొచ్చి అరిచి బెదరగొట్టేవాళ్ళు. 1978లో దాని మీద ఒక డాక్యుమెంటరీ వచ్చి దేశమంతా ఊగిపోయింది. జేమ్స్ ఫింకెనార్ అనే పరిశోధకుడు మాత్రం జైలుకు వెళ్ళిన పిల్లల్నీ, వెళ్ళని పిల్లల్నీ ఆర్నెల్లపాటు పక్కపక్కన పెట్టి చూశాడు. వెళ్ళనివాళ్ళలో మళ్ళీ నేరం చేసినవాళ్ళు 11 శాతం. వెళ్ళొచ్చినవాళ్ళలో 41 శాతం!

ఇంకోసారి చదవండి. జైలు గుమ్మం తొక్కని పిల్లల్లో 89 శాతం మంది వాళ్ళంతట వాళ్ళే బుద్ధిగా ఉన్నారు. అంటే మీ తొంభై శాతం ఏమీ చేయకపోయినా వచ్చే మార్కులే. వెళ్ళనివాళ్ళ లెక్క పక్కన లేకుండా వెళ్ళినవాళ్ళ లెక్క చెప్పి ఏం లాభం? ఒక్క అధ్యయనమేగా అంటారేమో. లాటరీ వేసినట్టు పిల్లల్ని రెండు జట్లుగా విడదీసి చేసిన తొమ్మిది ప్రయోగాలను తర్వాత పెట్రోసినో అనే పరిశోధకుడి బృందం కలిపి చూసింది. వాటిలోనూ అదే తేలింది: ఊరికే వదిలేయడం కంటే జైలు చూపించడమే చేటు.

మనవాళ్ళు ఎలా కొలుస్తారో నాకు తెలుసు. తిరుగు ప్రయాణంలో బస్సులోనే ఫీడ్‌బ్యాక్ ఫారం ఇస్తారు. "మారావా?" "మారాను సార్." నూటికి నూరు. ఫొటో, శాలువా, మర్నాడు జిల్లా పేజీలో వార్త.

ఇక కౌన్సెలింగ్ దండగన్న ముక్క. బావగారూ, ఇక్కడ మీతో సగం ఏకీభవిస్తాను. రౌడీషీటర్లకు స్టేషన్‌లో కౌన్సెలింగ్ ఇచ్చారని పేపర్లో చదువుతుంటాం. ఎంతమంది వచ్చారో రాస్తారు. ఆర్నెల్ల తర్వాత వాళ్ళలో ఎవరెవరి మీద మళ్ళీ కేసులు పడ్డాయో రాయరు. మంచి మనసుతో చేసినా బెడిసికొట్టొచ్చు: 1939లో మసాచుసెట్స్‌లో మొదలైన ఒక అధ్యయనంలో 506 మంది అబ్బాయిల్లో సగం మందికి ఏళ్ళ తరబడి సలహాలు, సాయం, సమ్మర్ క్యాంపులు అందించారు. ముప్ఫై ఏళ్ళ తర్వాత జోన్ మెకార్డ్ అనే పరిశోధకురాలు వెతికి చూస్తే, ఆ సాయం అందుకున్నవాళ్ళ పరిస్థితే కొన్ని విషయాల్లో అధ్వానంగా ఉంది.

అలాగని అన్నీ దండగ కాదు. చికాగో బడుల్లో 2009-10లో కుర్రాళ్ళను గుండ్రంగా కూర్చోబెట్టి, కోపం వచ్చినప్పుడు ఒక్క క్షణం ఆగడం నేర్పారు. దాన్నీ లాటరీ పద్ధతిలోనే పరీక్షించారు. ఆ ఏడాది హింసాత్మక నేరాల అరెస్టులు దాదాపు సగానికి తగ్గాయి. క్లాసులు ఆగాక ఆ తగ్గుదల నిలవలేదు, దాన్నీ దాచకుండా రాశారు.

బస్సుకు అడ్వాన్స్ ఇచ్చేశారట. కొండపల్లి ఖిల్లాకు తిప్పండి. పిల్లలు కనీసం కొండైనా ఎక్కుతారు.