అత్తగారి మూత

నిన్నటి సంగతి. చెవులింకా వేడిగానే ఉన్నాయి.

మా ల్యాబులో రాడార్ పరీక్షల గది ఉంది. లోపలంతా కార్బన్ పట్టించిన నీలం ఫోమ్ శంకువులు; పడ్డ తరంగం అక్కడే ఇంకిపోవాలి. వస్తువు రాడార్‌కు ఎంత పెద్దగా కనిపిస్తుందో అక్కడ చదరపు మీటర్లలో కొలుస్తాం. అసలు వస్తువును కొలిచే ముందు ఖాళీ గదిని ఓసారి, థర్మోకోల్ స్తంభం మీద లోహపు గుండు పెట్టి ఇంకోసారి కొలిచి సరిచూసుకోవాలి. గుండు ఎటు చూసినా ఒకటే, లెక్క ముందే తెలుసు. మా 15 సెంటీమీటర్ల వ్యాసం గుండు 10 గిగాహెర్ట్జ్ దగ్గర దాదాపు 0.018 చదరపు మీటర్లు చూపాలి.

నాలుగు చూపింది.

సార్ కేబుళ్లు మార్పించారు. ఆ తర్వాత గుండు వెనక నుంచి చుట్టూ పాకి వచ్చే తరంగాల గురించి బోర్డు నిండా రాస్తూ అరగంట చెప్పారు. నేను తల ఊపాను.

చివరికి తలుపు తీశాం. స్తంభానికి, గుండు కిందే, యాంటెన్నాకు ఎదురుగా, నా టిఫిన్ డబ్బా మూత!

గుండు దొర్లకుండా అడుగున పెట్టే చిన్న ఫోమ్ గిన్నె కావాలని స్టోర్స్‌కి రాసి ఏడు నెలలైంది. మూడు కొటేషన్లు కావాలట, రెండే ఉన్నాయట. అందుకని టేపుతో సర్దుతున్నా. చింపిన ముక్కలు చేతికందేలా మూత అంచుకు వరసగా అంటించి, ఆ మూతను స్తంభానికే అతికించా. ముక్కలన్నీ వాడేశా. మూత మర్చిపోయా.

చదునైన మూత ఎదురుగా నిలబడితే అంత వెడల్పు గుండుకు దాదాపు 250 రెట్లు మెరుస్తుంది. "లేజర్ పెట్టి సర్దినా ఇంత నిటారుగా కుదరదయ్యా," అన్నారు సార్. మెచ్చుకోలు కాదని ఆలస్యంగా అర్థమైంది. అక్కడితో వదిలారా? కళ్లజోడు పైకి జరిపి, మూత మీద చుక్కలు చుక్కలుగా కొట్టించిన అక్షరాలు ఒక్కొక్కటే కూడబలుక్కుని చదివారు: మా అత్తగారి పేరు, ఇంటిపేరు, సత్యనారాయణ వ్రతం, తేదీ. ట్రెయినీలు ఆరుగురూ శ్రద్ధగా విన్నారు. ఒకమ్మాయి నోట్సు రాసుకుంది. అంచున గోంగూర మరకుందని కూడా ఆ అమ్మాయే చూసింది.

మూత తీశాక గుండు బుద్ధిగా తన లెక్క తాను చూపింది. దాన్నెవరూ పట్టించుకోలేదు.

సాయంత్రం గేటు దగ్గర ఆపారు. పరీక్ష గదిలోంచి వచ్చిన లోహవస్తువుకి గేట్‌పాస్ కావాలట. గేట్‌పాస్ ఇచ్చేది స్టోర్స్ వాళ్లే. మూత లోపలే ఉంది. ఆదివారం అత్తగారు వస్తున్నారు.