పంటి సందులో దారం, ఫోన్లో దగ్గు

2020 ఏప్రిల్. లాక్‌డౌన్. పళ్ల క్లినిక్కులకు తాళాలు. కారణం సబబైనదే. పన్ను అరగదీసే మిషను తిరుగుతుంటే నీళ్లూ ఉమ్మీ కలిసిన సన్న తుంపర లేచి గదంతా తేలుతుంది, డాక్టరు ముక్కు దానికి జానెడు దూరంలో ఉంటుంది. కాబట్టి ఎవరి నోరు వాళ్లే చూసుకోవాలి. మనవాడు శ్రద్ధగా మొదలెట్టాడు. రెండు పూటలా రెండేసి నిమిషాలు, మెత్తటి కుచ్చు, బఠాణీ గింజంత పేస్టు, చిగురు అంచుకి 45 డిగ్రీల వాలుగా బ్రష్షు. అక్కడిదాకా వంక పెట్టడానికి లేదు.

కానీ కుచ్చు పన్నుకీ పన్నుకీ మధ్యకి పోదు. అక్కడి పాచి తీయాలంటే ఫ్లాస్ అనే పంటి దారం కావాలి. మందుల షాపులో అడిగితే "శానిటైజరుంది, ఇమ్మంటారా?" అన్నారు. అందుకని జాకెట్టు కోసం మ్యాచింగ్ సెంటర్లో కొన్న రాణీరంగు మిషను దారం రంగంలోకి దిగింది.

ఫ్లాస్ బోలెడు సన్నపోగుల కట్ట. చాలావాటికి మైనం పూత కూడా ఉంటుంది. ఇరుకులో పడితే పలచబడి జారిపోతుంది. మిషను దారానికి పురి ఉంది, నలగదు. చిగురు కోస్తుంది. అందులోనూ పాలియెస్టరైతే తెగనే తెగదు.

కొలతలు మాత్రం పక్కా. 45 సెంటీమీటర్లు తెంపి, రెండు నడివేళ్లకీ చుట్టి, మధ్యన రెండు మూడు సెంటీమీటర్లు వదిలాడు. కింది దవడలో కుడివైపు చివరి రెండు పళ్ల మధ్య పెట్టాడు. మెల్లిగా రంపంలా అటూ ఇటూ ఆడిస్తూ దించాల్సింది, ఒక్క నొక్కు నొక్కాడు. టక్. దిగింది. ఇక పైకి రాదు. అక్కడ ఎప్పుడో పెట్టించుకున్న సిమెంటు అంచు పంటి గోడని దాటి వెంట్రుకవాసి పొడుచుకొచ్చి ఉంది. దారం దాని కిందికెళ్లి కూర్చుంది.

నోరు తెరిచే ఉంది. నడివేళ్లు రెండూ నీలం తిరుగుతున్నాయి. నోట్లో పరాయి వస్తువేదైనా తగిలితే తినేదో, కుట్టేదో లాలాజలానికి తెలియదు, ఊరుతూనే ఉంటుంది. గడ్డం మీంచి బనీను మీదికి దారి చేసుకుంది. సరిగ్గా అప్పుడే వంటింట్లోంచి కేక: "ఏవండీ, పాలబ్బాయొచ్చాడు, గిన్నె పట్టుకెళ్లండి!" వేళ్లు విప్పుకుని, మాస్కు తగిలించుకుని వెళ్లాడు. మాస్కు కిందినుంచి రెండు రాణీరంగు తోకలు వేలాడుతున్నాయి. ఆరడుగుల దూరం నుంచి పాలబ్బాయి వాటినే చూస్తూ పాలు పోశాడు, సగం గిన్నెలో, సగం గుమ్మంలో. "సార్, మాస్కు కుట్లూడిపోతున్నట్టున్నాయి. ఓ కొస కత్తిరించి పక్కకి లాగెయ్యండి." వైద్యశాస్త్రం చెప్పేదీ అక్షరాలా అదే. పాలబ్బాయి మాట ఎవరు వింటారు? క్లినిక్కుకి ఫోన్ చేశాడు.

ముందు ఫోన్ దగ్గింది. ఆ రోజుల్లో ఎవరికి ఫోన్ చేసినా మొదట ఆ దగ్గు, తర్వాత చేతులు కడుక్కోమనే ఉపన్యాసం. మనవాడి చేతులు అప్పటికే తడిగా ఉన్నాయి, కారణం వేరు. ఆ తర్వాత క్లినిక్కువాళ్ల రికార్డు: జ్వరముంటే ఒకటి నొక్కండి, పంటినొప్పయితే రెండు. దారానికి అంకె లేదు. చివరికి దొరికిన మనిషి, "ఆఁ... ఊఁ..." తప్ప ఇంకేమీ వినపడలేదని విసుక్కుని, మూడొందలు కట్టి వాట్సాప్‌లో ఫోటో పంపమంది.

చివరి పన్ను ఫోటో తీయాలంటే బుగ్గని చెంచా కాడతో పక్కకి లాగాలి, టార్చి వెయ్యాలి, ఫోన్ పట్టుకోవాలి. మూడో చెయ్యి ఇంటావిడది, అది నవ్వుతో ఊగుతోంది. నాలుగు ఫోటోల్లోనూ కొండనాలుకే పడింది. మూడొందలు కట్టి అవే పంపాడు. ఓపిక నశించి మనవాడు ఒక్కసారి పైకి గుంజాడు. దారం వచ్చింది. దాని వెనకే సిమెంటు ముక్కా వచ్చింది.

అప్పుడొచ్చింది జవాబు: "పైకి లాగకండి. పక్కకి లాగండి."

సిమెంటు ఊడిందని రాస్తే వెంటనే ఇంకోటి. వాపుందా? లేదు. ఆగని రక్తస్రావం? లేదు. అయితే ఎమర్జెన్సీ కాదు, లాక్‌డౌన్ ఎత్తేశాక రండి. అందాకా ఎడమవైపు నమలండి, గ్లాసు గోరువెచ్చని నీళ్లలో అర చెంచా ఉప్పేసి పుక్కిలించండి, అక్కడ బ్రష్షు మానకండి. ఫోటో స్పష్టంగా లేదు కాబట్టి మళ్లీ చూపించాలంటే ఇంకో మూడొందలు.