మా సారు ఇంకా రాలేదండి

టీచర్ల బదిలీల వెబ్ కౌన్సెలింగ్‌లో అర్ధరాత్రి దాకా కూర్చుని ఆప్షన్లు పెట్టుకుంటే, ఎలాగూ రాదులే అని చివర్లో పెట్టిన బడే వచ్చింది నాకు. కోనసీమలో ఒక జిల్లా పరిషత్ హైస్కూలు. పంతొమ్మిదేళ్ల సర్వీసున్న లెక్కల స్కూల్ అసిస్టెంటుని, ఏ బడైనా బల్లలూ పిల్లలే గదా అనుకుంటూ జూన్ 12న, బళ్లు తెరిచిన రోజే చేరిపోయాను.

మొదటి దెబ్బ హాజరు దగ్గరే తగిలింది. 2022 నుంచి మాకు రిజిస్టర్‌లో సంతకం ఒక్కటే సరిపోదు, ఫోనుకి మొహం కూడా చూపించాలి. కొత్త బడి మెట్ల మీద నిలబడి కళ్లార్పి మరీ చూపించినా, మీరు బడికి చాలా దూరంలో ఉన్నారు అంటుంది యాప్. దాని లెక్కలో నేనింకా పాత బడి సారునే. "పోర్టల్‌లో మారేదాకా ఇంతేలెండి మాస్టారూ" అని హెడ్మాస్టరు గారు మర్నాడు టైంటేబుల్ చేతిలో పెట్టి, "మొదటి పీరియడ్ తొమ్మిది-ఎ, వెళ్లండి" అన్నారు.

వరండాలో నాలుగో గది తలుపు మీద నీలం రంగుతో ఇంతలేసి అక్షరాల్లో 9-ఎ అని ఉంది. వెళ్లాను. పిల్లలు లేచి గుడ్మార్నింగ్ సార్ అని రాగం తీశారు. తొమ్మిదో తరగతి వాళ్లు మరీ ఇంత పొట్టిగా ఉన్నారేమిటని ఒక్క క్షణం అనిపించింది. మధ్యాహ్న భోజనంలో గుడ్డు పెడుతున్నారు గదా, అదంతా ఎటు పోతోంది అని కూడా అనుకున్నాను. పుస్తకాల కిట్లు ఇంకా పంచలేదు, లేకపోతే అట్ట మీద అంకె చూసైనా బుద్ధి తెచ్చుకునేవాణ్ణి.

బహుపదులు మొదలుపెట్టాను. ఎక్స్ స్క్వేర్ మైనస్ అయిదు ఎక్స్ ప్లస్ ఆరు. ఎక్స్ బదులు 2 వేస్తే సున్నా, 3 వేసినా సున్నా, చూశారా ఎంత అందంగా ఉందో అన్నాను. అర్థమైందా అంటే, అయిందండీ అని గది కప్పు ఎగిరిపోయేలా అన్నారు. ఒక్క కుర్రాడు మాత్రం వేళ్ల మీద ఏదో లెక్కేసుకుని "1 వేస్తే 2 వస్తందండి" అన్నాడు. శభాష్, కొత్త బడిలో నాకు మొదటి శిష్యుడు దొరికాడని పొంగిపోయి కుర్చీలో కూర్చున్నాను.

దానికి మూడే కాళ్లు. నాలుగోది ఇటుక. ఆ ఇటుక కూడా నేను కూర్చున్న వైపు లేదు. డస్టరుతో సహా కిందికి వెళ్లిపోయి, చొక్కా నిండా సుద్దపొడితో లేచేసరికి పిల్లలెవరూ నవ్వడం లేదు, అదే ఇంకా భయంగా ఉంది. ముందు బల్ల అమ్మాయి చాలా మర్యాదగా, "పాత సారు దాంట్లో కూర్చునేవారు కాదండి" అంది. ముందే చెప్పొచ్చు గదమ్మా అంటే, "మీరు అడగలేదండి" అంది.

ఈలోగా వరండా చివరి గదిలో ఒకటే గోల. ఎవరో క్లాసుకి రాలేదన్నమాట, బొత్తిగా బాధ్యత లేదు మనుషులకి అని ఒళ్లు మండి, ఆ సుద్దపొడితోనే వెళ్లాను. మీసాలు మొలుస్తున్న కుర్రాళ్లు బల్లల మీద నిలబడి ఉన్నారు.

"ఏంట్రా ఇది? ఏం పీరియడ్ మీకు?"

"లెక్కలండి."

"మీ సారేరీ?"

"కొత్త సారంటండి. ఇంకా రాలేదండి."

"రానీ, నేను మాట్లాడతాను ఆయనతో. అప్పటిదాకా నోరు మూసుకుని ఎక్కాలు రాయండి!" అని గర్జించి వెనక్కి వచ్చి బహుపదులు కొనసాగించాను.

సంగతి స్టాఫ్‌రూమ్‌లో టీ తాగుతుంటే తెలిసింది. తెలుగు మేడమ్ గారు "థాంక్సండి మాస్టారూ, నా ఏడో తరగతి పీరియడ్ మీరే తీసుకున్నారు, గుమ్మంలోంచి చూసి అడ్జస్ట్‌మెంట్ వేశారేమో అనుకుని వచ్చేశా" అన్నారు. ఏడా?

ఏడే. సర్కారు బడులు బాగుచేసే నాడు-నేడు పనుల్లో రంగులేసినప్పుడు తలుపుల మీద తరగతుల పేర్లు రాశారట. 2022లో పక్క ప్రాథమిక బడి నుంచి 3, 4, 5 తరగతుల పిల్లల్ని తెచ్చి ఇక్కడ కలిపినప్పుడు గదులన్నీ సర్దారు, వాళ్లు తిరిగి వెళ్లాక మళ్లీ సర్దారు, నిరుడు వానకి ఒక గది కారితే ఇంకోసారి సర్దారు. తలుపుల మీద పేర్లు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. ఏ గది ఏ తరగతో నాకు తప్ప, వరండాలో పడుకునే కుక్కతో సహా అందరికీ తెలుసు.

మూడో రోజు అసలు తొమ్మిదిలో అడుగు పెడితే గదంతా నిశ్శబ్దం. వెనక బల్ల నుంచి ఒకడు లేచి చేతులు కట్టుకుని, "సార్, కొత్త సారుతో మాట్లాడారాండి?" అన్నాడు. మాట్లాడాను, కూర్చో అన్నాను. అంతకంటే ఏమనగలను?

శనివారం సాయంత్రం సెంటర్లో టీ తాగి పది రూపాయలిస్తే, కొట్టాయన తీసుకోలేదు. "ఉంచండి మాస్టారూ. మావాడు ఏడులోనే తొమ్మిదో తరగతి లెక్కలు చేసేత్తన్నాడండి, 1 వేస్తే 2 వస్తందని ఇంటికొచ్చిన కాణ్ణించి ఒకటే చెప్పడం. ఇంతకీ వాణ్ణి ఎనిమిదిలో కూచోబెడతారా, తిన్నగా తొమ్మిదిలోనే ఏసేత్తారాండి?"

రెండో టీ కూడా ఆయన డబ్బులు తీసుకోకుండానే ఇచ్చాడు.