సౌండ్ ఎఫెక్ట్స్ అంటే డౌన్‌లోడ్ కాదు

"సినిమాలో చప్పుళ్లన్నీ షూటింగ్‌లోనే రికార్డవుతాయి. తక్కువైనవి రెడీమేడ్ చప్పుళ్ల లైబ్రరీలోంచి తెచ్చి అతికిస్తారు. ఫోలీకి రోజులు చెల్లాయి" అనే మాట తెగ తిరుగుతోంది. ఫోలీ అంటే తెర మీది కదలికలకు తగ్గట్టు స్టూడియోలో చప్పుళ్లు చేసి రికార్డు చేయడం. ఆ మాటలో నిజం ఒక్కటే, లైబ్రరీలు వాడతారన్నది.

సెట్లో మైకు గురి నటుల గొంతు మీదే. పైగా జనరేటర్ హోరు. అందుకే మన దగ్గర చాలా సినిమాలకు అక్కడ రికార్డు చేసేది పైలట్ ట్రాకే, అంటే డబ్బింగ్‌కు ఆనవాలుగా ఉండే కచ్చా రికార్డింగే; డైలాగులు తర్వాత డబ్బింగ్‌లో చెబుతారు. పైలట్ తీసేశామా, అడుగులు, గాజులు, కుర్చీ కిర్రు కూడా పోయినట్టే. సింక్ సౌండ్‌లో, అంటే సెట్లో పలికిన మాటలనే ఉంచుకునే పద్ధతిలో తీసినా హిందీకో తమిళానికో డబ్ చేసేటప్పుడు ఇదే చిక్కు: మాటతో కలిసిపోయిన చప్పుడు మాటతోపాటే పోతుంది. సంగీతం, ఎఫెక్ట్స్ మాత్రమే ఉండే ఎం అండ్ ఈ ట్రాక్ ఇవ్వాలంటే ఆ ఖాళీలన్నీ ఫోలీతో నింపాల్సిందే.

ఇక లైబ్రరీ. గాలి, ఉరుము, జనసందోహం దానికి బాగా సరిపోతాయి. నడక సరిపోదు. అలసిన మనిషి మడమ ఈడ్చే తీరు ఏ ఫైల్లోనూ దొరకదు. ఫోలీ కళాకారులు తెర చూస్తూ, ఉన్నచోటే నడుస్తారు. పాదాలు కనబడని షాట్‌లో నటుడి భుజాలను బట్టి అడుగు వేస్తారు. సెకనుకు 24 ఫ్రేములు, అంటే ఫ్రేముకు సుమారు 42 మిల్లీసెకన్లు. చప్పుడు రెండు ఫ్రేములు ముందొస్తే ఇట్టే తెలిసిపోతుంది. అదే వెనకబడితే కొంత చెల్లుతుంది, ఎందుకంటే దూరపు చప్పుడు ఆలస్యంగా వినడం మన చెవికి అలవాటే. నడవడానికి వేసిన సిమెంటు పలక కింద బోలు ఉంటే అడుగు డబడబలాడుతుంది, అందుకే పలకను గట్టి నేల మీద పరుస్తారు. కాలి పట్టీల చప్పుడును అడుగులతో కలిపి తీయకూడదు. వేరే ట్రాక్‌లో ఉంటేనే మిక్సింగ్‌లో విడిగా తగ్గించగలం.

"అసలు వస్తువు చప్పుడే సహజం" అన్నదీ పొరపాటే. వానను దగ్గర నుంచి రికార్డు చేస్తే నూనెలో వేపుడులా వినిపిస్తుంది. మంట చిటపటకు సెలోఫేన్ కాగితం నలుపుతారు, ఎముక విరగడానికి సెలరీ అనే ఆకుకూర కాడ విరుస్తారు. టాకీలు వస్తున్న రోజుల్లో, 1929 ప్రాంతంలో, యూనివర్సల్ స్టూడియోలో తెర చూస్తూ ఇలా చప్పుళ్లు చేసే పద్ధతిని మొదలుపెట్టింది జాక్ ఫోలీ. మంచు మీద నడకకు తోలు సంచిలో మొక్కజొన్న పిండి (కార్న్‌ఫ్లోర్) పోసి నొక్కుతారు. చెమ్మ తగిలితే పిండి ముద్దకట్టి ఆ కరకర పోతుంది, అప్పుడు పొడిపిండి మార్చాలి.